కఫే మారోన్: ఒంటరి చెట్టు విత్తనం కట్టే దాకా



నాకు వృక్షశాస్త్రం పాఠం చెప్పిన మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం కనుక నేను మన కొండల మొక్కల గురించి మాట్లాడతానని చాలామంది అనుకుని ఉంటారు. ఆయన జీవితమంతా ఆ మొక్కల వెంటే గడిచింది. అయినా ఈ సాయంత్రం మిమ్మల్ని హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవికి తీసుకువెళ్తాను. అక్కడ ఒక చెట్టు జాతి మొత్తం ఒకే ఒక్క చెట్టుగా మిగిలింది. దాన్ని మనుషులు ఎలా పోగొట్టుకున్నారు, మళ్ళీ ఎలా కనుక్కున్నారు, దానిచేత విత్తనం కట్టించడానికి ఎంత పాటుపడ్డారు అన్నదే నా విషయం. మొక్కను బతికించడం వేరు, జాతిని బతికించడం వేరు అన్న మాట మాస్టారు క్లాసులో తరచూ అనేవారు. ఆ మాట ఎంత నిజమో నాకు బాగా తెలియజెప్పినది ఈ చెట్టే.

దీవి పేరు రోడ్రిగ్స్. మారిషస్ దేశంలో భాగం. ప్రధాన దీవికి తూర్పున దాదాపు 560 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు, అంటే మన మండలాల్లో చాలావాటి కన్నా చిన్నది. అగ్నిపర్వతం నుంచి పుట్టిన నేల. ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి లేదు కాబట్టి అక్కడికి చేరిన ప్రతి మొక్కా, ప్రతి ప్రాణీ గాలిలో ఎగిరో, నీటిలో తేలో, పక్షి కడుపులో పడో వచ్చినదే. వచ్చినవి తరతరాలుగా అక్కడే ఉండి, ఇంకెక్కడా లేని జాతులుగా మారాయి. మేసే క్షీరదాలు ఆ దీవికి చేరలేదు. ఆకు మేసే పని, పండు తిని గింజ చల్లే పని పెద్ద తాబేళ్ళు చేసేవి. ఎగరలేని సాలిటైర్ పక్షి, డోడోకు దగ్గరి బంధువు, అక్కడే ఉండేది. ఫ్రాన్స్ నుంచి మతహింస తప్పించుకుని వచ్చిన ఫ్రాన్స్వా లెగా 1691 నుంచి 1693 దాకా కొద్దిమంది తోటివారితో ఆ దీవిలో కాపురముండి, చూసిందంతా పుస్తకంగా రాశాడు. దీవి నిండా తాబేళ్ళు, చెట్లు ఉన్న కాలమది. ఆ తర్వాతి వందేళ్ళలో ఓడల్లో తాజా మాంసం కోసం తాబేళ్ళను వేలకు వేలుగా ఎక్కించుకుపోయారు. 1800 వచ్చేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. సాలిటైర్ అంతకు ముందే పోయింది. చెట్లు నరికారు, పొదలు తగలబెట్టారు, మేకల్నీ పశువుల్నీ వదిలారు.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటింది. ఆనాడు విశాఖపట్నంలో గొడే జగ్గారావుగారి వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావుగారు ఆ దృశ్యాన్ని పరిశీలించి వివరాలు నమోదు చేశారు. అదే గ్రహసంక్రమణాన్ని చూడడానికి బ్రిటిష్ ప్రభుత్వం రోడ్రిగ్స్‌కు కూడా ఒక బృందాన్ని పంపింది. ఖగోళ శాస్త్రజ్ఞులతోపాటు ప్రకృతి శాస్త్రజ్ఞులూ వెళ్ళారు. వాళ్ళలో ఐజాక్ బేలీ బాల్ఫోర్ అనే స్కాట్లండ్ యువకుడు దీవి మొక్కల్ని సేకరించి, వర్ణించాడు. అప్పటికే అడవి చాలామటుకు చెడిపోయింది. అయినా ఆ కాలపు వర్ణనలూ బొమ్మలూ లేకపోతే రోడ్రిగ్స్‌లో ఏ మొక్కలుండేవో మనకు ఇవాళ తెలిసేది కాదు. ఆకాశం చూడబోయినవారి వెంట నేల చూసేవారిని కూడా పంపడం ఆ ప్రయాణంలో జరిగిన గొప్ప పని అని నా అభిప్రాయం.

అలా 19వ శతాబ్దంలో బొమ్మకెక్కిన చిన్న చెట్లలో ఒకదాన్ని అక్కడివాళ్ళు కఫే మారోన్ అంటారు. శాస్త్రనామం రామోస్మేనియా రోడ్రిగేసీ. కాఫీ కుటుంబానికి చెందినది. అరకు కాఫీ, మన పెరటి నూరువరహాలు, కదంబం, తొగరు, అడవి బిక్కి అన్నీ ఈ కుటుంబంలోవే. తెల్లని పువ్వు, నక్షత్రంలా విచ్చుకున్న 5 రేకులు. ఎదిగిన చెట్టుకు నిగనిగలాడే గుండ్రటి పచ్చని ఆకులుంటాయి. లేతమొక్కకు మాత్రం సన్నగా, పొడుగ్గా, ముదురు రంగులో ఎండుపుల్లల్లా వేలాడే ఆకులుంటాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అని నమ్మడం కష్టం. ఆకుల సంగతికి మళ్ళీ వస్తాను. 20వ శతాబ్దం సగానికి వచ్చేసరికి ఈ చెట్టు అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు.

1980లో రోడ్రిగ్స్‌లోని ఒక బడిలో ఒక ఉపాధ్యాయుడు పిల్లలకు పాత పుస్తకంలోని మొక్కల బొమ్మలు చూపించి, మీ ఊళ్ళలో ఇలాంటివి ఉన్నాయేమో వెతకమన్నాడు. ఒక పిల్లవాడు కొమ్మ తుంచుకుని వచ్చాడు. రోడ్డు పక్కన, మేకలు కొరికి, పురుగు పట్టి, గిడసబారిన ఒక పొద నుంచి తెచ్చాడు. ఉపాధ్యాయుడికి అనుమానం వచ్చింది. కొమ్మ లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి వెళ్ళింది. అది కఫే మారోనే. దీవంతా గాలించినా రెండోది కనబడలేదు. నిపుణులు అంతరించిందన్న చెట్టు బడికి వెళ్ళే దారిలో ఉంది. చూడమని చెప్పే మనిషి లేక ఎవరికీ కనబడలేదంతే. ఈ కథలో అందరికన్నా పెద్ద నమస్కారం నేను ఆ ఉపాధ్యాయుడికే పెడతాను.

దొరికిన వార్త చెట్టుకు మేలు చెయ్యలేదు. సుఖవ్యాధులకూ, తాగిన మర్నాటి తలనొప్పికీ అది మందని దీవిలో పాత నమ్మకం ఒకటి ఉంది. చెట్టు ఎక్కడుందో తెలియగానే జనం వచ్చి ఆకులు, కొమ్మలు తుంచుకుపోసాగారు. కంచె వేశారు. కంచె దాటి వచ్చారు. ఇంకో కంచె వేశారు, కాపలా పెట్టారు. ఒక్క చెట్టు చుట్టూ ఇంత రక్షణ అవసరమైంది. ఇది దూరదేశపు వింత కాదు. మన శేషాచలం కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే పేరిత అనే సైకాస్ మొక్కకూ ఇదే బాధ ఉంది. దాని మగ శంకువులను మందుకోసం కోసుకుపోతారు. పేరితలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగ శంకువులు ముందే కోసేస్తే ఆ ఏడు ఆడచెట్టుకు పుప్పొడి ఎక్కణ్ణుంచి వస్తుంది? చెట్టు నిలబడే ఉంటుంది, సంతానం మాత్రం ఉండదు. అంతర్జాతీయ వ్యాపారం విషయంలో అత్యంత కఠినమైన జాబితాలో చేర్చినా కొండమీద కోతను ఆపాల్సింది మనమే.

ఇక పెంపకం సంగతి. 1986లో కఫే మారోన్ కొమ్మ ముక్కలు కొన్ని రోడ్రిగ్స్ నుంచి విమానంలో మారిషస్ మీదుగా ఒక్క రోజులో క్యూ చేరాయి. తోటపని తెలిసినవారికి ఆ తొందర ఎందుకో అర్థమవుతుంది. కోసిన కొమ్మకు వేరు లేదు, ఆకు నుంచి నీరు పోతూనే ఉంటుంది. పైగా ముసలి చెట్టు కొమ్మకు వేరు పెట్టే శక్తి తక్కువ. లేతమొక్క కణజాలం సులువుగా వేరుకు మారుతుంది. ముదిరినది అలా మారదు. రోగంతో, కోతలతో, మేకల నోళ్ళతో నలిగిన చెట్టు నుంచి మంచి కొమ్మ తీసుకోవాలన్నా దొరకదు. ఎక్కువ ముక్కలు కోస్తే ఉన్న ఒక్క చెట్టుకే ముప్పు. ఆ పరిస్థితిలో క్యూ తోటమాలులు ఒక ముక్కకు వేరు పట్టించగలిగారు. దాన్నుంచి మరిన్ని మొక్కలు చేశారు. ఆ మొక్కలు పెరిగాయి, పూశాయి. ఏడాది పొడుగునా పూశాయి. ఒక్క కాయ కూడా కట్టలేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. కుండీల్లో పదుల మొక్కలు ఆరోగ్యంగా కనబడుతుంటే జాతి గట్టెక్కిందని అనిపిస్తుంది. నిజానికి ఆ మొక్కలన్నీ ఒకటే చెట్టు. కొమ్మ నాటితే వచ్చేది బిడ్డ కాదు, తల్లే. తల్లికున్న బలహీనతే అన్నిటికీ ఉంటుంది. ఒక తెగులు ఒకదాన్ని చంపగలిగితే అన్నిటినీ చంపగలదు. విత్తనం కట్టినప్పుడే జన్యువులు మళ్ళీ కలిసి, కొత్త పొందికలు పుడతాయి. తండ్రీ తల్లీ ఒకటే అయినా విత్తనం నుంచి వచ్చిన మొక్కలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండవు. ఆ కొద్ది తేడాలోనే జాతికి భవిష్యత్తు ఉంది.

అడ్డంకి పువ్వులోనే ఉందని తేలింది. పువ్వులో కేసరాల నుంచి పుప్పొడి కీలాగ్రం మీద పడాలి. అక్కడ పుప్పొడి రేణువు మొలకెత్తి, సన్నని నాళం చాచి, కీలం లోపలి నుంచి దిగి అండాశయాన్ని చేరాలి. కఫే మారోన్‌లో పుప్పొడి బాగానే ఉంది. కీలాగ్రం మీద పడ్డాక ముందుకు సాగడం లేదు. తన పుప్పొడిని తానే తిరస్కరించే మొక్కలు చాలా ఉన్నాయి. దగ్గరి చుట్టరికంలో సంతానం కలగకుండా ఆపడానికి అది మంచి ఏర్పాటే. అడవిలో వంద చెట్లున్నప్పుడు ఆ ఏర్పాటు మేలు చేస్తుంది. ఒక్క చెట్టే మిగిలితే అదే దాని వంశాన్ని ఆపేస్తుంది.

2003లో క్యూలో చేరిన స్పెయిన్ దేశపు తోటమాలి కార్లోస్ మగ్దలేనా ఈ చెట్టు మీద మనసు పెట్టాడు. అతను చేసిన పని వినడానికి చిన్నది. కీలాగ్రాన్ని పదునైన కత్తితో కోసేసి, కోసిన కీలం మీద నేరుగా పుప్పొడి పెట్టాడు. తిరస్కరించే ద్వారాన్నే తీసేశాడన్నమాట. ఒక పువ్వుకు చేస్తే కాలేదు. రోజూ, పువ్వు తర్వాత పువ్వుకు చేశాడు. చివరికి ఒక పువ్వు అడుగున అండాశయం ఉబ్బింది. కాయ అయింది, పండింది, లోపల కొన్ని గింజలున్నాయి. కొమ్మలు లండన్ చేరిన 17 ఏళ్ళకు వచ్చిన గింజలవి. తర్వాత అతను మొక్కల్ని ఉంచే చోటు, వేడి, వెలుతురు మార్చి చూస్తూ, ఇంకా కాయలు కట్టించాడు. గింజల నుంచి మొలకలు వచ్చాయి. ఆ మొలకలకు సన్నని, పొడుగాటి, ముదురు రంగు ఆకులు వచ్చాయి. ఇంగ్లండ్‌లో అంతవరకూ ఎవరూ ఆ ఆకుల్ని సజీవంగా చూడలేదు, కొమ్మ నుంచి వచ్చిన మొక్కలన్నీ ముదురు చెట్టు ఆకులతోనే పెరిగాయి కనుక. గింజలు, మొక్కలు తిరిగి రోడ్రిగ్స్ చేరాయి.

మన వ్యవసాయ కళాశాలల్లో, ఉద్యాన కళాశాలల్లో చదివే పిల్లలకు ఒక మాట చెప్పాలి. మగ్దలేనా చేసిన దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చురుకైన కత్తి, మంచి కళ్ళు, పువ్వు నిర్మాణం మీద పూర్తి అవగాహన, విసుగులేని చెయ్యి చాలు. పుష్ప నిర్మాణం పాఠాన్ని పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకునే పాఠంగా చూడకండి. ఒక జాతి బతకడం ఆ పాఠం తెలిసిన మనిషి మీద ఆధారపడింది.

లేతాకుల సంగతికి వస్తాను. రోడ్రిగ్స్, మారిషస్ ఉన్న మస్కరీన్ దీవుల్లో చాలా మొక్కలకు ఈ లక్షణం ఉంది. చిన్నప్పుడు ఒక ఆకు, తాబేలు మెడ అందనంత ఎత్తు ఎదిగాక ఇంకో ఆకు. తాబేళ్ళ మేతను తప్పించుకోవడానికే ఇది వచ్చిందని పరిశోధకులు భావిస్తారు. హిందూ మహాసముద్రంలోని మరో దీవి అయిన ఆల్డాబ్రా తాబేళ్ళకు ఇలాంటి మొక్కల లేతాకులూ ముదురాకులూ పెట్టి చూస్తే, అవి లేతాకుల్ని వదిలి ముదురాకుల్ని ఎంచుకున్నాయి. తాబేళ్ళు పోయి రెండు శతాబ్దాలైనా చెట్టు తన పిల్లలకు ఆ కవచాన్ని ఇస్తూనే ఉంది. మేక ముందు ఆ కవచం పనిచెయ్యదు. మేక దేన్నైనా కొరుకుతుంది, ఎంత ఎత్తుకైనా ముందుకాళ్ళు ఎత్తి నిలబడుతుంది.

అందుకే మొక్క నాటడంతో పని అయిపోదు. మారిషస్ పక్కన ఈల్ ఓ ఎగ్రెట్ అని 26 హెక్టార్ల చిన్న దీవి ఉంది. అక్కడి ఎబొనీ చెట్టు మన తునికి ప్రజాతిదే, డయోస్పైరాస్. వంటచెరకు కోసం దాన్ని నరుకుతూ వచ్చారు. నరకడం ఆగాక కూడా చాలాచోట్ల కొత్త మొక్కలు రాలేదు. పళ్ళు తల్లి చెట్టు కిందే రాలి అక్కడే ఆగిపోయేవి. గింజను మోసుకుపోయే తాబేళ్ళు లేవు. 2000 నుంచి ఆల్డాబ్రా తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి పళ్ళు తిన్నాయి, నడిచాయి, విసర్జించాయి. చెట్లు నరికేసిన చోట్ల ఎబొనీ మొలకలు లేచాయి. పైగా తాబేలు కడుపులోంచి వచ్చిన గింజలు మెరుగ్గా మొలిచాయని 2011లో వెలువడిన పరిశోధన చూపింది. పోయిన తాబేలు జాతిని తేలేకపోయినా దాని పని చేసే బంధువును తేగలిగారు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు మారిషస్‌లోని తంబలకోక్ చెట్టు గురించి ఒక వ్యాసం రాశాడు. ఆ చెట్టు గింజ డోడో కడుపులో పడి అరిగితేనే మొలుస్తుందనీ, డోడో పోయాక 300 ఏళ్ళుగా కొత్త మొక్క పుట్టలేదనీ, 13 ముసలి చెట్లే మిగిలాయనీ అన్నాడు. కథ అద్భుతంగా ఉంది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తర్వాత చూస్తే చెట్లు వందల్లో ఉన్నాయి, 300 ఏళ్ళ లోపు వయసువీ ఉన్నాయి, డోడో లేకుండానే గింజ మొలుస్తుంది. అసలు శత్రువులు కాయను పాడుచేసే కోతులు, మొలకను తొక్కే జంతువులు, అడవిని కమ్మే కలుపు. అందమైన కారణం దొరికిందని సంతోషించి అసలు కారణాన్ని వదిలేస్తే నష్టపోయేది చెట్టే.

ఆ కలుపు సంగతి మనకు బాగా తెలియాలి, ఎందుకంటే అవి మనకు తెలిసిన మొక్కలే. ప్రకాశం, కృష్ణా, ఖమ్మం రైతులు కాగితం మిల్లులకోసం పెంచే సుబాబుల్ రోడ్రిగ్స్‌లో కొండలకు కొండలు ఆక్రమించింది. దానికి తోడు లంటానా, గులాబ్‌జామున్ చెట్టు. చైనా జామ మారిషస్ అడవుల్లో గడ్డిలా లేస్తుంది. ఒకచోట పంటైనది ఇంకోచోట అడవిని మింగుతుంది. రోడ్రిగ్స్‌లో గ్రాండ్ మొంటాన్య, ఆన్స్ కిటోర్ అనే రెండు సంరక్షణ స్థలాల్లో మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ మనుషులు ఏళ్ళ తరబడి ఆ కలుపు పీకుతూ, నర్సరీలో పెంచిన స్థానిక మొక్కలు నాటుతున్నారు. పీకిన చోట మళ్ళీ మొలుస్తుంది, మళ్ళీ పీకాలి. పేపర్లలో ఫోటో రాని పని ఇది. జాతి నిలిచేది మాత్రం ఈ పని మీదే. దీవిలో చెట్లు పెరిగే కొద్దీ పక్షులూ గబ్బిలాలూ కోలుకున్నాయి. 1970ల్లో వందకు లోపు పడిపోయిన రోడ్రిగ్స్ పండ్ల గబ్బిలాలు ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. వాటిని కాపాడడానికి 1976లో ప్రకృతి సంరక్షకుడు జెరాల్డ్ డరెల్ అక్కడికి వెళ్ళాడు. ఫ్రాన్స్వా లెగా పేరుతోనే 2007లో తెరిచిన ఒక రిజర్వులో ఆల్డాబ్రా తాబేళ్ళు స్థానిక మొక్కల మధ్య మళ్ళీ తిరుగుతున్నాయి.

మొక్క వేరు, జాతి వేరు అన్న మాటకు మన ఊళ్ళోనే సాక్ష్యం ఉంది. కడియం నర్సరీల్లో బాటిల్ పామ్ అమ్ముతారు. హైదరాబాదులో, విజయవాడలో అపార్ట్‌మెంట్ల గేట్ల పక్కన సీసాలా ఉబ్బిన మొదలుతో కనబడే తాటిజాతి మొక్క అదే. దాని సొంత ఊరు మారిషస్‌కు ఉత్తరాన ఉన్న రౌండ్ ఐలాండ్. ప్రపంచమంతా తోటల్లో లక్షల్లో పెరుగుతున్నా, మేకలూ కుందేళ్ళూ మేసేసిన ఆ దీవిలో సహజమైన చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. 1979లో మేకల్ని, 1986లో కుందేళ్ళని పూర్తిగా తొలగించాకే మొలకలు బతికే అవకాశం వచ్చింది. కడియంలో ఎన్ని అమ్ముడైనా ఆ దీవికి ఉపయోగం లేదు. ఇదే కుటుంబంలోని ఇంకో చెట్టు కథ ఇంకా బాధాకరం. మారిషస్ క్యూర్పీప్ పట్టణపు ఉద్యానవనంలో హయోఫోర్బే అమరికౌలిస్ అనే తాటిజాతి చెట్టు ఒకే ఒక్కటి ఉంది. దాని పువ్వుల్లో మగవి ముందు విచ్చుకుంటాయి, ఆడవి తర్వాత. రెండో చెట్టు లేదు కనుక ఆడపువ్వు విచ్చే వేళకు పుప్పొడి ఉండదు. ప్రయోగశాలలో మొలకలు తీసినా తొలి ప్రయత్నాల్లో అవి నేలలో నిలదొక్కుకోలేదు. ఒక జాతి చివరి చెట్టు దాకా వచ్చాక మేలుకుంటే, మన ప్రేమకూ నైపుణ్యానికీ కూడా ఒక హద్దు వస్తుంది. కఫే మారోన్ ఆ హద్దు ఇవతల దొరికింది, అంతే.

మారిషస్‌లో తెలుగువాళ్ళున్నారు. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి చెరకుతోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి సంతతి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. వాళ్ళ పూర్వీకులు చెమటోడ్చిన చెరకు నేలలు అంతకు ముందు అడవులు. ఆ అడవి పోవడంలో తప్పు కూలీలది కాదు, చక్కెరకోసం దీవినంతా తోటగా మార్చిన యజమానులది. ఇవాళ అక్కడి స్థానిక అడవిలో మంచి స్థితిలో ఉన్నది 2 శాతం కూడా లేదు. మన నుంచి మారిషస్ వెళ్ళే యాత్రికులు బీచ్‌లతోపాటు ఈల్ ఓ ఎగ్రెట్ కూడా చూసి రావాలని నా మనవి. అక్కడి ప్రవేశ రుసుము ఆ చెట్ల సంరక్షణకే వెళ్తుంది.

చివరగా ఈ సభలో ఉన్న అధ్యాపకులకు ఒక అభ్యర్థన. గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే ఆ ప్రాంతపు మొక్కల వివరాల గ్రంథం, మీ గ్రంథాలయాల్లో ఉంది. అందులో మీ జిల్లా పేరు పక్కన రాసి ఉండి, ఇప్పుడు ఎవరూ చూడని మొక్కను ఒకదాన్ని ఎంచుకోండి. దాని బొమ్మ గీయించి, ఈ ఏడాది చేరిన విద్యార్థులందరి చేతికీ ఇవ్వండి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వెతకమనండి. దొరికితే కొమ్మ తుంచవద్దని, చోటు బయటపెట్టవద్దని, ముందు మీకూ అటవీశాఖకూ చెప్పమని నేర్పండి. పువ్వు ఎప్పుడు పూస్తుందో, కాయ కడుతోందో లేదో, కింద మొలకలున్నాయో లేవో రాసుకోమనండి. మొలకలు లేకపోతే ఎందుకు లేవో కనుక్కోవడం మీ కళాశాల పని.